నూగు లేని ఇప్పపువ్వు

"నాలుగింటికి నిన్ను నర్సంపేట కోర్టుకు తోల్కపోతరు పెద్దమ్మా. ఇప్పుడు పదీ నలభై. నువ్వు నోరిప్పితే నాకు సగం పని తక్కువైతది."

యాకమ్మ బుర్రగుట్ట పోలీస్ స్టేషన్ వరండాలో గోడకు వీపు ఆనించి కూర్చుని, యమున చేతి గడియారం వైపు ఒకసారి చూసి, మళ్ళీ తన కాళ్ళ వైపు చూసుకుంది. అరవై దాటిన మనిషి. చెప్పుల్లేని పాదాలు. పగుళ్ళ నిండా అడవి మట్టి.

మంగళవారం పొద్దున ఊరి అడవి కాలింది. ఆర్పడానికి ఉరికిన కావలి మనిషి పోశయ్య రెండు చేతులూ కాల్చుకుని వరంగల్ దవాఖానలో పడ్డాడు. ఒక ఇప్పచెట్టు కింద సగం కాలిన గంప దొరికింది. దాని అంచుకు కట్టిన ఎర్రగుడ్డ యాకమ్మది. బుధవారం సాయంత్రం నాలుగున్నరకు ఆమెను తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. ఇవాళ గురువారం. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టింది, అడవి అంటుకుంది. కేసు అంతే. ఇలా రెండు ముక్కల్లో తేలిపోయే కేసులంటేనే యమునకు ఒళ్ళు మంట.

యమున మట్టెవాడలో జిరాక్స్ షాపు పైన ఒక గది పెట్టుకుని, కాలిపోయిన వాటిని చదివి బతికే మనిషి. పద్దెనిమిదేళ్ళుగా పత్తి గోదాములు, జిన్నింగ్ మిల్లులు ఎక్కడ తగలబడినా ఇన్సూరెన్స్ వాళ్ళు ఆమెకే ఫోన్ చేస్తారు. ఓనరు షార్ట్ సర్క్యూట్ అంటాడు. కూలీలు ఓనరే అంటారు. బూడిద ఏమంటోందో యమున చెబుతుంది. ఇంటర్ ఫెయిలు. బూడిద దగ్గర మాత్రం ఇంతవరకు ఎవడూ ఆమెను ఫెయిల్ చెయ్యలేదు. అడవిని కాపాడే ఊరి కమిటీకి పెద్ద సమ్మమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి, "మా యాకమ్మను ఇడిపియ్యాలె చెల్లే" అంటే, పొద్దున్నే స్కూటీ తీసింది.

"మంగళారం పొద్దున ఆరింటికి ఏడున్నవ్?"

"అడివిల."

"అడివిల ఏడ?"

"అడివిలనే."

"అడివి మూడొందల ఎకరాలున్నది పెద్దమ్మా."

"నేను మూడొందల ఎకరాలల్ల లేను. ఒక్క జాగల ఉన్న. ఆ జాగ చెప్ప."

పక్కన కుర్చీలో ఉన్న ఆడ కానిస్టేబుల్ నెత్తి కొట్టుకుంది. "నిన్నటి సంది ఇదే ముచ్చట మేడమ్. చెప్ప అంటది. చెప్తె ఏం పోతదో?"

"గంప నీదేనా?"

"నాదే. సోమారం మాపు వాకిట్ల బోర్లించిన. పొద్దుగూకేసరికి లేదు. ఎవలో పొల్లగాండ్లు తీసిండ్రనుకున్న."

"నువ్వు జాగ చెప్పి, నిన్ను ఆడ చూసినోల్లు ఎవలన్న ఉంటే, గంటల ఇంటికి పోతవ్. చెప్పకపోతే జైలు."

యాకమ్మ మొదటిసారి నేరుగా చూసింది. కళ్ళలో భయం లేదు. లెక్క ఉంది.

"జైలుకే పోత బిడ్డా. ఆడ బువ్వన్న పెడ్తరు. నేను జాగ చెప్తె అది ఈడికెల్లి ఠాణాకు, ఠాణాకెల్లి ఊరికి, ఊరికెల్లి ఎవనికి తెల్వద్దో వానికి పోతది. నువ్వు గంత తెలివిగల్లదానివైతే, ఆ జాగ అడగకుంట నన్ను ఇడిపియ్యి."

యమునకు నవ్వొచ్చింది. తన గదికి వచ్చే మిల్లు ఓనర్లు కాళ్ళు పట్టుకుంటారు, కవర్లు ఇస్తారు, బెదిరిస్తారు. ఇలా సవాలు విసిరిన మనిషి ఇంతవరకు లేదు.

"సరే. గట్లనే కానియ్యి. నాలుగింటి లోపల నువ్వు ఇంటి తొవ్వ పడ్తవ్. జాగ మాట నేనెత్త." ఆమె లేచి, ఎస్సై యాదగిరి గదిలోకి వెళ్ళి సాక్షి వాంగ్మూలం అడిగింది.

సాక్షి ఒక్కడే. రాంప్రసాద్. ఊళ్ళో కిరాణా కొట్టు, నర్సంపేటలో పత్తి, ఇప్పపువ్వు కొనే దుకాణం. చదువు వచ్చినవాడని కమిటీకి కార్యదర్శిని చేశారు. కాగితం మీద రాసింది ఇది: 'మంగళవారం ఉదయం ఆరు గంటలకు వాకింగ్‌కు వెళ్ళిన నాకు గలగలమని చప్పుడు వినిపించగా చూస్తే, యాకమ్మ ఇప్పచెట్టు కింద గంపలో పువ్వు పోస్తున్నది. తర్వాత అగ్గిపుల్ల గీసి ఆకులకు అంటించినది. ఆరు గంటల పది నిమిషాలకు మంట లేచినది.'

యమున దాన్ని రెండుసార్లు చదివి ఫోటో తీసుకుంది.

*

పదకొండున్నరకు ఇప్పచెట్టు దగ్గరకు చేరేసరికి అక్కడ ముగ్గురున్నారు. సమ్మమ్మ, రాంప్రసాద్, ఇంకా నల్ల కళ్ళద్దాల రమాకాంత్.

రమాకాంత్ రిటైర్డ్ సీఐ. హన్మకొండలో ఏసీ ఆఫీసు, నలుగురు అసిస్టెంట్లు, బోర్డు మీద భూతద్దం బొమ్మ. గుట్ట మీద గ్రానైట్ తవ్వడానికి వచ్చిన క్వారీ వాళ్ళు 'ఊరికి సాయంగా' అతన్ని పంపారట. అతను అప్పుడే రిపోర్టు రాసి సంతకం కూడా పెట్టేశాడు.

"రా యమునమ్మా రా! పత్తి కాలితే పిలుస్తరు గద నిన్ను. దారి తప్పినవా? అడివికి ఇన్సూరెన్స్ లేదు."

"యాకమ్మకు కూడ లేదన్నా. అందుకే వచ్చిన."

"పది నిమిషాల కేసిది. ఇప్పపువ్వు ఏరేటోళ్ళు చెట్టు కింద కాలుస్తరని చిన్న పిల్లగాన్ని అడిగినా చెప్తడు. శుభ్రంగ ఉంటే పువ్వు తెల్లగ కనబడ్తది. ముసల్ది కాల్చింది. గాలి తిరిగింది. అయిపాయె."

"మా ఊర్ల కాలుస్తలేరు సారూ!" సమ్మమ్మ గొంతు ఖంగుమంది. "నాలుగేండ్లాయె బందువెట్టి. పాత చీరెలు పరుస్తున్నం. కాలిస్తే మొలక చస్తది, రేపటికి చెట్టే ఉండదని మేమే తీర్మానం జేసినం. యాకమ్మనే అందర్ల కన్న ముందు వేలిముద్ర వేసింది."

"తీర్మానాలు కాగితం మీద ఉంటయమ్మా. అగ్గిపెట్టె కొంగుల ఉంటది."

యమున వాళ్ళిద్దరినీ వదిలేసి నేల మీద మోకాళ్ళపై కూర్చుంది. చెట్టు చుట్టూ చేటంత చేటంత నల్ల మచ్చలు. మధ్యలో పొద్దున రాలిన ఇప్పపువ్వు పాలరంగులో మెరుస్తోంది. ఒకటి తీసి నొక్కింది. రసం కారింది. తీపి వాసన వేళ్ళకు అంటింది.

"అక్కా, పువ్వు ఎన్నడు రాలుడు షురువైంది?"

"పోయిన వారం. బేస్తారం సంది."

"అంటే మంగళారం నాటికి అయిదు రోజులుగ పువ్వు రాలుతాంది." యమున రమాకాంత్ వైపు చూసింది. "కాల్చేటోల్లు పువ్వు రాలకముందు కాలుస్తరన్నా. రాలుతుండంగ కాలుస్తే పువ్వే కాలుతది. గంప పట్కొని వచ్చి కూరగాయల తోటకే మంట పెట్టినట్టుంటది."

"ముసలితనం. మతి లేదు."

"మతి ఉన్నదో లేదో రాళ్ళను అడుగుదాం." ఆమె ఒక్కొక్క రాయినీ వేలితో చూపించింది. గుట్ట వైపున్న ముఖాలకు మసి. ఊరి వైపున్న ముఖాలు కడిగినట్టున్నాయి. "మంట ఈ చెట్టు కింద పుట్టలె. గుట్ట మీదికెల్లి దిగి, ఈడికొచ్చి సచ్చింది. పుట్టింది పైన. పోదాం పారి."

రాంప్రసాద్ భుజాన ఉన్న తువాలుతో మెడ తుడుచుకున్నాడు. నీళ్ళ సీసా మూత తీసి మర్యాదగా అందించాడు. "ఎండ జబ్బరున్నది మేడమ్. పైన ఏమున్నది? ఎండు మోళ్ళే."

ఎండు మోళ్ళే! ఎండిన చెట్టు కనబడితే పొయ్యిలోకి కట్టె తప్ప ఇంకేదీ గుర్తురాని మహానుభావులు పట్నం నిండా ఉన్నారు. బుర్రగుట్ట ఆడవాళ్ళకు వాళ్ళకంటే తెలివుంది. చచ్చి నిలబడ్డ చెట్టు తొర్రలో గుడ్లగూబ ఉంటుంది. అది పొలంలో ఎలుకను తింటుంది. వడ్రంగిపిట్ట ఉంటుంది. అది బతికున్న చెట్టులోని పురుగును తింటుంది. ఉడుము, తేనెటీగ, పునుగుపిల్లి అన్నీ ఆ చచ్చిన చెట్టు మీదే బతుకుతాయి. మోళ్ళను కొట్టొద్దని కమిటీ కట్టడి చేసిన రెండో ఏటికే కింది మడుల్లో ఎలుకల మందు కొనడం తగ్గింది. 'గుడ్లగూబ ఇంటి మీద కూసుంటే అరిష్టం గానీ, పొలం మీద కూసుంటే పంట' అని సమ్మమ్మ కొత్త సామెత పుట్టించింది. తొర్రలున్న ఇరవై మూడు చెట్లకు సున్నంతో నంబర్లు వేసి, జాబితా రాసి పెట్టారు.

మొదటి నంబరు నల్లమద్ది. మానంతా పొట్టలోంచి కాలి, బొగ్గు గొట్టంలా నిలబడి ఉంది. యమున భుజం దాకా చెయ్యి తొర్రలో పెట్టింది. అడుగున బూడిద మెత్తగా, పిండిలా తగిలింది. వాసన చూసింది. మళ్ళీ తోడింది. అరచేతిలో నాలుగు నల్లని గింజలు, వాటికి అంటుకున్న కాలని పీచు.

పద్దెనిమిదేళ్ళుగా ఆమెకు అన్నం పెట్టిన వాసన అది.

"పత్తి," అంది. "చేనుల తెంపిన పత్తి గాదు. జిన్నింగ్ మిల్లుల నేల మీద ఊడ్చి సంచులకు ఎత్తే ఊడ్పు. దుమ్ము, పగిలిన గింజ, పొట్టి పీచు. దీన్ని తొర్రల కుక్కి నిప్పు పెట్టిండ్రు."

రెండో నంబరు ఏగిస. మూడోది తునికి. ఒంటిగంటకు పదకొండు చెట్లు చూశారు. అన్నింటి పొట్టలోనూ అదే బూడిద. వాటి పక్కనే నిలబడ్డ పచ్చని చెట్లకు మసి మోకాలు దాటలేదు.

"చూడన్నా. అడివి కాలలె. తొర్రలు కాలినయ్. నంబర్లు చూసుకుంట వచ్చి కాల్చిండ్రు."

రమాకాంత్ కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "వరంగల్ జిల్ల మొత్తం పత్తే. యాకమ్మ ఇంట్ల ఉండదా?"

"పత్తి ఉంటది. మిల్లు ఉంటదా? ఇంకోటి విను. గట్టిగ కుక్కిన పత్తి ఎమ్మటె మండదు. గంట, గంటన్నర లోపల్లోపల కుములుతది. తర్వాత ఒక్కసారి మండుతది. ఇందాక దవాఖానల పోశయ్యకు ఫోన్ చేసిన. ఆరూ పదికి గుట్ట నాలుగు దిక్కుల ఒక్కసారే పొగ లేచిందన్నడు. అంటే నిప్పు పడ్డది నాలుగున్నర, అయిదుకు. ఇరవై మూడు చెట్లకు. ఆరింటికి ఒక ముసలామె ఒక్క అగ్గిపుల్ల గీస్తే పది నిమిషాల్ల గుట్ట చుట్టు తిరిగొస్తదా? ఆమె కాళ్ళకు మోటర్లున్నయా?"

"ఎట్ల తిరిగిందో కోర్టుల తేలుతది. నా రిపోర్టు అయిపోయింది. గంప ఉన్నది, సాక్షి ఉన్నడు. నీకు బూడిద ఉన్నది. జడ్జి ముంగట బూడిద ఊదుకో."

"ఊదుత. కండ్లల్ల పడకుంట దూరం జరుగు."

సమ్మమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రాంప్రసాద్ నవ్వలేదు. నీళ్ళ సీసా మూత బిగిస్తున్నాడు. మూత పడటం లేదు.

*

రెండూ యాభైకి స్టేషన్ ముందు జీపు ఇంజను ఆన్ చేసి పెట్టారు. యాకమ్మను లేవమన్నారు. యమున గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"యాదగిరి సార్, ఇరవై నిమిషాలు ఇయ్యుండ్రి. గంపల దొరికిన పువ్వు బయటికి తెప్పియ్యుండ్రి. ముంగట చాయ్ బండి మీద పెనం కావాలె. ఒక స్టీలు పళ్ళెం."

ఎస్సై నుదురు రుద్దుకున్నాడు. మంచివాడే. బదిలీ అంటే భయపడే మంచివాడు. "చాయ్ పెనం ఎందుకు మేడమ్? ఆమ్లెట్ వేస్తరా?"

"గదే అనుకోండ్రి. మీరూ రుచి చూడొచ్చు."

సీల్ చేసిన ప్లాస్టిక్ సంచి వచ్చింది. ఎస్సై పంచు సాక్షుల ముందు సీలు తీయించి, రాయించి, పిడికెడు బల్ల మీద పోశాడు. గంపలో కాలని సగంలో మిగిలిన పువ్వు అది. గోధుమరంగులో, ముడతలు పడి, ఎండుద్రాక్షలా ఉంది. సమ్మమ్మ కొంగులోంచి పొద్దున ఏరిన తాజా పువ్వు తీసి పక్కన పోసింది.

కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్న రమాకాంత్ ఆవులించాడు. "గంపల ఉన్నది మంటకు ఎండింది. దీంట్ల పరిశోధన ఏమున్నదో నాకు సమజైతలేదు."

"నీకు సమజ్ గాకున్న పర్వలేదన్నా. సార్‌కు అయితే చాలు." యమున తాజా పువ్వులు ఆరు పెనం మీద వేసింది. చుయ్ మన్నాయి. రసం పొంగి, బెల్లం పాకంలా గోధుమరంగు తేలి, ఘాటైన తీపి వాసన స్టేషన్ అంతా నిండింది. మూడు నిమిషాలకు ముడుచుకున్నాయి. పటకారుతో ఒకటి తీసి, చల్లార్చి, గోటితో చీల్చి ఎస్సై ముందు పెట్టింది.

"లోపల ఏమున్నది సార్?"

ఎస్సై వంగి చూశాడు. "నల్లగ... దారాలు దారాలు ఉన్నయ్."

"పువ్వు లోపటి నూగు. ఇరవై, ముప్ఫై కేసరాలుంటయ్. కాలినా అతుక్కోనే ఉంటయ్. ఇప్పుడు గంపల దొరికిన పువ్వు చీల్చుండ్రి. మీ చేతితోనే."

ఎస్సై ఒకటి చీల్చాడు. ఖాళీ. రెండోది. ఖాళీ. అయిదోది, పదోది. ఒక్కదాంట్లోనూ నూగు లేదు. కానిస్టేబుళ్ళు బల్ల చుట్టూ మూగారు. ఎవరూ చెప్పకుండానే తలా ఒకటి తీసి చీల్చడం మొదలుపెట్టారు.

"నిప్పు పువ్వును ఎండబెడ్తది, ఒప్పుకుంట," అంది యమున. "నిప్పు కూసోని నూగు ఏరుతదా? సమ్మక్కా, నూగు ఎట్ల పోతది?"

"నాలుగైదు రోజులు ఎండవోస్తం చెల్లే. గలగల ఎండినంక కట్టెతోటి కొట్టి, చాటల చెరుగుతం. అప్పుడు నూగు ఊసిపోతది. నూగుంటే దుకాణపోల్లు తీసుకోరు."

"మరి చెరిగి బాగు చేసిన పువ్వును అడివికి ఎవరన్న తీస్కపోతరా?"

"అడివికా? ఎందుకు తీస్కపోతం, చెట్టుకు మల్ల అతికియ్యనీకా?"

ఎస్సై నవ్వు ఆపుకోలేకపోయాడు. అంతలోనే మొహం గంభీరం చేసుకున్నాడు. అతనికి అర్థమైంది. "ఈ పువ్వు మొన్న ఏరింది కాదు. పాతది. ఎవరో తెచ్చి గంపలో పోసిన్రు."

"పోయినేటిది. మా ఇండ్లల్ల వానకాలం నాటికే ఒడుస్తది సారూ," అంది సమ్మమ్మ. "మార్చి నెలల పోయినేటి పువ్వు దుకాణపు సంచులల్లనే ఉంటది."

యమున ఫోన్ తీసి, వెనకే వచ్చి గోడ పక్కన నిలబడ్డ రాంప్రసాద్‌కు వాంగ్మూలం ఫోటో చూపించింది. "సేటూ, జర ఇటు రాండ్రి. యాకమ్మ గంపల పువ్వు పోస్తాంటే మీకు ఏం చప్పుడు వినబడ్డది?"

రాంప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. "రాసిచ్చిన గద. గలగల."

యమున తాజా పువ్వు దోసిలితో స్టీలు పళ్ళెంలో పోసింది. తప్ తప్ మని, తడి పిండిముద్దలు పడ్డట్టు పడింది. తర్వాత సంచిలోని పువ్వు పోసింది. పళ్ళెం గలగలమంది.

ఎస్సై పళ్ళెం మీంచి తలెత్తి రాంప్రసాద్‌ను చూశాడు. 

"ముప్ఫై ఏండ్లుగ ఇప్పపువ్వు కొంటున్నరు. ఒక్క పొద్దన్న చెట్టు కిందికి పోయిండ్రా సేటూ? మీరు దాన్ని కాంటా మీద చూసిండ్రు. అది మీకు ఎప్పుడు వచ్చినా ఎండే వచ్చింది, గలగలమనే వచ్చింది. అబద్ధం రాసేటప్పుడు గూడ మీ చెవులకు ఆ చప్పుడే వినబడ్డది. ఏరేటోల్లు ఎవలూ ఈ తప్పు చెయ్యరు. దొంగ గూడ చెయ్యడు. కొనేటోడే చేస్తడు."

రాంప్రసాద్ బల్ల అంచు పట్టుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నాడు.

"నేను అగ్గి పెట్టలె. దేవుని మీద ఒట్టు. క్వారీకి లారీల బాట పడితే నాకు రోడ్డు మీద జాగ ఇస్తమన్నరు. చెట్ల జాబితా ఇచ్చిన. మిల్లు ఊడ్పు ఇచ్చిన. పువ్వు ఇచ్చిన. పెట్టినోల్లు వేరే."

"యాదగిరి సార్?"

"యాకమ్మను వదిలెయ్యండి." ఎస్సై గొంతు మారింది. "ఈయనను లోపల కూసోబెట్టుండ్రి. గంప ఎవరు తీసిన్రో, పువ్వు ఎవరు పోసిన్రో మొత్తం మళ్ళీ రాయిద్దాం."

మూడూ పదిహేను. సమ్మమ్మ యాకమ్మ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. యాకమ్మ ఏడవలేదు. గెలిచిన మనిషిలా కూడా లేదు. గుమ్మంలోంచి గుట్ట వైపే చూస్తోంది.

యమున కూడా గెలిచిన మనిషిలా లేదు. పత్తి మిల్లుల్లో ఆమె నేర్చుకున్న మొదటి పాఠం, కాలినదాన్ని కాదు, కాలనిదాన్ని చూడమని. ఆమె మెదడు ఒక్కటే పట్టుకుని గుంజుతోంది. గంప పోయింది సోమవారం సాయంత్రం. మంట లేచింది మంగళవారం పొద్దున. అంటే మంటకంటే ముందే కేసు తయారైంది. ఊళ్ళో పువ్వు ఏరేవాళ్ళు అరవై మంది ఉన్నారు. అందరి గంపలూ వాకిళ్ళలోనే ఉంటాయి. ఈమె గంపే ఎందుకు?

"సేటూ. యాకమ్మనే ఎందుకు ఎంచుకున్నరు?"

రాంప్రసాద్ తల ఎత్తలేదు. "జాబితల ఇరవై మూడు. ఇంకో చెట్టున్నదని, ఆమె రోజు పొద్దుగాల పోతాంటే క్వారీ వాళ్ళు ఎనుకనుంచి చూసి కనిపెట్టిండ్రు. ఆడ పొద్దు పొద్దంత ఈమె కూసుంటాంది. దగ్గరికి పోదామంటే ఒర్రుతది. ఈమె లేవకపోతే పని కాదన్నరు. ఈమె కోర్టుకు పోయినంక ఇయాల చేద్దమన్నరు."

"ఏం పని?"

"రేపు పొద్దున సర్వేవాళ్ళు వస్తున్నరు. గూడున్న తొర్ర ఒక్కటి కనబడినా బాట ఆ దిక్కు వెయ్యొద్దని పర్మిషన్ కాయిదంలనే షరతున్నది. ఒక్కటి కూడ..." ఆగిపోయాడు.

 పొద్దుటి నుంచి యమున తప్పు ప్రశ్నకు సరైన జవాబులు వెతుకుతోంది. మంట నేరాన్ని యాకమ్మ మీదికి తొయ్యడానికి కాదు ఈ కేసు. యాకమ్మను ఆ చెట్టు కింది నుంచి లేపడానికి.

"పెద్దమ్మా, ఆ చెట్టుల ఏమున్నది?"

యాకమ్మ చుట్టూ చూసింది. ఇక దాచి లాభం లేదని ఆమెకూ తెలిసిపోయింది. "వాగు అవతల, గుట్ట మీద. ముక్కుపిట్ట. గీ అంత ముక్కు, దాని మీద కొమ్ము. ఆడిది తొర్రల కూసోని తలుపును మట్టితోటి మూసుకున్నది. వేలంత సందు ఇడిచింది. గుడ్లమీద ఉన్నది బిడ్డా. మగది మర్రిపండ్లు తెచ్చి ఆ సందుల కెల్లి పెడ్తది. లోపట ఈకలు గూడ రాల్చుకున్నది. అగ్గి పెడ్తె ఎల్లరాదు. ఎగురరాదు." ఆమె గుమ్మం వైపు అడుగేసింది. "నిన్న మాపటి సంది ఆడ ఎవలు లేరు."

యమున గిర్రున వెనక్కి తిరిగింది. రమాకాంత్ కుర్చీ ఖాళీ.

"రమాకాంత్ సార్ ఎప్పుడు పోయిండు?"

"మీరు పువ్వు చీల్చమన్నప్పుడే మేడమ్," అన్నాడు గుమ్మం దగ్గరి కానిస్టేబుల్. "ఫోన్ మాట్లాడుకుంట జీపెక్కిండు. ఇరవై నిమిషాలైతాంది."

"సార్, మీ జీపు ఇంజను నడుస్తనే ఉన్నది. నర్సంపేట వద్దు, వాగు కాడికి రాండ్రి. పెద్దమ్మా, స్కూటీ ఎక్కుతవా?"

యాకమ్మ అప్పటికే మెట్లు దిగింది.

అడ్డదారి మొత్తం ఆమే చూపించింది. మాటలతో కాదు, యమున భుజం మీద చేతితో. కుడి భుజం నొక్కితే కుడికి, ఎడమ నొక్కితే ఎడమకు. టేకుచెట్ల మధ్య, ఎండిన ఆకుల మీద బండి జారుతూ, పల్లంలో ఎగురుతూ, తొమ్మిది నిమిషాల్లో వాగు ఒడ్డుకు చేరింది. మూడూ ముప్ఫై రెండు.

వాగు అవతల ఒడ్డున రమాకాంత్ జీపు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. వెనక సీట్ల మీద పత్తి పీచు తెల్లగా అంటుకుని ఉంది.

యమున నీళ్ళలోంచి దాటి తడి ఇసుక మీద వంగింది. మూడు జతల అడుగులు. రెండు బూట్లు, ఒకటి రబ్బరు చెప్పులు. చెప్పుల అడుగులు లోతుగా దిగాయి. వాడి నెత్తిన బరువుంది. గుంటల్లో నీళ్ళు ఇంకా ఊరుతున్నాయి, అంచులు ఇప్పుడిప్పుడే విరిగి పడుతున్నాయి.

"అయిదు నిమిషాలు గూడ కాలే," అంది. "ముగ్గురు మగోల్లు పెద్దమ్మా. ఎస్సై జీపు చుట్టు తిరిగి వచ్చేసరికి పావుగంట."

యాకమ్మ కొంగు నడుముకు బిగించి దోపింది. వాగులోంచి గుప్పిటకు సరిపోయే గులకరాళ్ళు ఏరి ఒడి నింపుకుంది. నాలుగు యమున చేతిలో పెట్టింది.

గుట్ట మీద ఎక్కడో చెట్ల పైన ఒక పిట్ట కీచుమని అరిచింది. మళ్ళీ అరిచింది. ఆగకుండా అరుస్తూనే ఉంది.

"మగది," అంది యాకమ్మ, ఉరుకుతూనే. "దిగనిస్తలేరు దాన్ని."